ఇంట్లో డయాలిసిస్, ఆసుపత్రిలో డయాలిసిస్: మా ఇంటి అనుభవం

గత సంక్రాంతి సమావేశంలో భోజనాల వేళ ముగ్గురు మిత్రులు విడివిడిగా మా దగ్గరకు వచ్చి ఒకే ప్రశ్న వేశారు. "మీ మావగారికి ఇంట్లోనే డయాలిసిస్ జరుగుతోందట గదా! ఆసుపత్రికి వెళ్ళి చేయించుకోవడం కంటె అది మేలేనా?" అని. ఒకరి అన్నగారికి క్రియాటినిన్ పెరుగుతోంది. ఒకరి తల్లిగారు ఇండియా నుంచి రాబోతున్నారు. మూడవవారు కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు. పులిహోర పళ్ళెం చేతబట్టుకుని నిలబడి చెప్పదగిన జవాబు కాదు గనుక, తీరికగా వ్రాస్తామని మాట ఇచ్చాము. ఆ మాట చెల్లించుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మనవి. ఇందులో "మేము" అంటే మా ఇల్లు. కలం పట్టింది ఈ ఇంటి కోడలు. తెలుగు నాట ఎం.బి.బి.ఎస్. చదివి ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్‌లో పనిచేస్తున్న డాక్టరు, అంతేగాని మూత్రపిండాల నిపుణురాలు కాదు. పక్కన కూర్చుని తప్పులు దిద్దింది ఈ ఇంటి కొడుకు, ఇంజనీరు. కనుక మా పెద్దలిద్దరినీ మావయ్యగారు, అత్తయ్యగారు అనే పేర్కొంటున్నాము. ఎవరి వైద్యం వారి డాక్టరు చెప్పినట్లే జరగాలి. మేము చెప్పేది మా ఇంట్లో ఏం జరిగిందో, అందులో మాకేం తెలిసివచ్చిందో అంతవరకే.

అసలు డయాలిసిస్ అంటే

ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో దాదాపు అంతా తిరిగి శరీరానికే ఇచ్చి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా బయటకు పంపుతాయి. మధుమేహం వల్లనో, రక్తపోటు వల్లనో ఆ శక్తి నూటికి పదో వంతుకు దిగజారినప్పుడు మలినాలూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి. వాటిని తీసివేసే ఏర్పాటే డయాలిసిస్.

ఇది రెండు విధాలు. మొదటిది, రక్తాన్ని గొట్టాల ద్వారా బయటకు తెచ్చి, యంత్రంలోని జల్లెడ గుండా పంపి తిరిగి ఎక్కించడం. రెండవది, పొట్టలో పేగులను కప్పి ఉండే సన్నని పొరనే జల్లెడగా వాడుకోవడం. బొడ్డు పక్కన అమర్చిన మెత్తని గొట్టం ద్వారా రెండు లీటర్ల గ్లూకోజు ద్రావణం లోపలికి పంపి, కొన్ని గంటలు ఉంచి, మలినాలతో సహా బయటకు వదలడం. దీన్ని మా ఇంట్లో పొట్ట డయాలిసిస్ అంటాము. రక్తపు డయాలిసిస్ కూడా ఇంట్లో చేసుకోవచ్చు. పొట్ట డయాలిసిస్ మాత్రం చాలావరకు ఇంట్లో చేసుకునేదే.

ఇది కొత్త వింత ఏమీ కాదు

ఇంట్లో చేయడమనేది ఈమధ్య వచ్చిన వెర్రి అని చాలామంది అనుకుంటారు. మేమూ అనుకున్నాము. చరిత్ర చూస్తే సంగతి వేరు. హాలెండు దేశంలో విల్లెమ్ కాల్ఫ్ అనే వైద్యుడు 1943లో, జర్మన్ల ఆక్రమణ కాలంలో, మాంసపు సాసేజీలకు వాడే సెల్లోఫేన్ గొట్టంతో మొదటి కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. 1960లో సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతి రక్తనాళాలకు శాశ్వతంగా అమర్చే పద్ధతి కనిపెట్టాక, ఒకే రోగికి ఏళ్ళ తరబడి డయాలిసిస్ చేయడం సాధ్యమయింది. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆ చికిత్సతో పదకొండేళ్ళు జీవించాడు.

1962లో అక్కడ డయాలిసిస్ కేంద్రం తెరిచినప్పుడు యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి చికిత్స ఇవ్వాలో, ఎవరిని వదిలేయాలో తేల్చడానికి ఊరి పెద్దలతో ఒక సంఘాన్ని వేశారు. ఆ బాధ చూడలేకనే 1964లో సియాటిల్‌లోనూ, బోస్టన్‌లోనూ, లండన్‌లోనూ యంత్రాలను రోగుల ఇళ్ళకే చేర్చడం మొదలుపెట్టారు. 1970ల తొలినాళ్ళలో ఈ దేశపు డయాలిసిస్ రోగుల్లో నూటికి 40 మంది దాకా ఇంట్లోనే చేసుకునేవారు.

తర్వాత 1972లో చట్టం వచ్చింది. 1973 జులై నుంచి, వయసుతో నిమిత్తం లేకుండా, అర్హత ఉన్న మూత్రపిండ రోగులందరి ఖర్చూ మెడికేర్ భరించసాగింది. అది గొప్ప మేలే. ఎవరు బ్రతకాలో నిర్ణయించే సంఘాలు ఆ దెబ్బతో మాయమయ్యాయి. కాని కేంద్రాలు వీధివీధికీ వెలిశాయి, వృద్ధులూ ఇతర జబ్బులున్నవారూ ఎక్కువగా చేరారు, ఇంటి చికిత్స వెనకబడింది. 1976లో టెక్సస్ రాష్ట్రంలో పోపోవిచ్, మాన్‌క్రీఫ్ అనే ఇద్దరు యంత్రం అక్కరలేని పొట్ట డయాలిసిస్ పద్ధతి చెప్పాక కొంత పుంజుకుంది గాని, ఈనాటికీ ఇక్కడ ఇంట్లో చేసుకునేది సుమారు ఏడుగురిలో ఒకరే. హాంకాంగ్‌లో మాత్రం 1985 నుంచి పొట్ట డయాలిసిస్‌కే మొదటి పీట వేశారు. అక్కడ ఎక్కువమందిది ఆ పద్ధతే.

యూనిట్లో తొమ్మిది నెలలు

మావయ్యగారు తెనాలి వైపు ఒక బియ్యపు మిల్లులో పద్దులు వ్రాసినవారు. మా ఆడపడుచు పిలిపించగా 2006లో ఈ దేశం వచ్చి, ఒక దుకాణంలో పన్నెండేళ్ళు లెక్కలు చూశారు. మధుమేహం పాతికేళ్ళది. 2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఊపిరాడక ఆసుపత్రికి చేర్చినప్పుడు, మెడలో గొట్టం వేసి అప్పటికప్పుడు డయాలిసిస్ చేశారు. ఇంట్లో డాక్టరును పెట్టుకుని అంతవరకు ఎలా తెచ్చుకున్నారని మీరడగవచ్చు. మా దగ్గర జవాబు లేదు. కాళ్ళ వాపును వయసు మీదికి నెట్టాము, అంతే.

అక్కడినుంచి సోమ, బుధ, శుక్రవారాలు డెట్రాయిట్ శివార్లలోని ఒక యూనిట్‌కు ప్రయాణం. తెల్లవారుజామున ఐదున్నరకు కుర్చీలో ఉండాలి. నాలుగు గంటల చికిత్స. ఒక్కొక్క విడతకు సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు ఆ యంత్రం గుండా పారుతుంది. ముందు బరువు చూడడం, తర్వాత సూదులు తీసి రక్తం ఆగేదాకా అదిమి పట్టుకోవడం, రానూపోనూ ప్రయాణం, అన్నీ కలిపి వారానికి పద్దెనిమిది గంటలు. ఆపైన ఇంటికి వచ్చి మధ్యాహ్నమంతా నిద్ర. రెండు రోజుల్లో పోగైన నీటిని నాలుగు గంటల్లో లాగేస్తే ఒళ్ళు అలానే సొమ్మసిల్లుతుంది.

తిండి సంగతి మన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్ళు, మజ్జిగ, కాఫీ అన్నీ కలిపి రోజుకు లీటరుకు అటూఇటూ. అరటిపండు, టమాటా, బంగాళాదుంప, ముఖ్యంగా కొబ్బరినీళ్ళు పొటాషియం వల్ల ప్రమాదం. నీరసంగా ఉందని ప్రేమతో ఇచ్చే కొబ్బరినీళ్ళే గుండె ఆగడానికి కారణం కావచ్చు. పెరుగు, పప్పులు భాస్వరం వల్ల కొలత ప్రకారం. ఊరగాయలోని ఉప్పు దాహం పుట్టిస్తుంది. శుక్రవారం తర్వాత సోమవారం దాకా చికిత్స లేని ఆ రెండు రోజుల ఎడమే అన్నింటికంటె గడ్డుది. ఆ పెద్ద ఎడం తర్వాత రోజున మరణాలు ఎక్కువని 2011లో ఈ దేశంలోనే పెద్ద పరిశీలన ఒకటి తేల్చింది.

అయినా యూనిట్‌ను తక్కువచేసి మాట్లాడము. అక్కడ మావయ్యగారికి స్నేహితులు దొరికారు. పక్క కుర్చీలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఎదుట కుర్చీలో ఒక నల్లజాతి పెద్దావిడ. ఆవిడ నెల తిరగకుండా "బాగున్నారా" అనడం నేర్చుకున్నది. రక్తపోటు పడిపోతే నిమిషంలో నర్సు వస్తుంది. రక్తం, సూదులు, చెత్త అన్నీ అక్కడే ఉండిపోతాయి. ఇంటికి మనిషి మాత్రమే వస్తాడు. ఆ నాలుగు గంటలూ అత్తయ్యగారు గుడికి వెళ్ళేవారు, చెల్లెలికి ఫోను చేసుకునేవారు. ఆ నాలుగు గంటల విలువ అప్పుడు మాకు తెలియలేదు.

డాక్టరుకు పుట్టిన భయం

2022 వేసవిలో నిపుణుడే, "ఇంటి పద్ధతికి మారతారా?" అని అడిగాడు. వద్దన్నది మేమే. కారణం చదువు. హౌస్‌సర్జన్సీ రోజుల్లో తెలుగు నాట ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, అత్యవసర స్థితిలో ఉన్న రోగుల పొట్టలో గట్టి గొట్టం గుచ్చి రెండు మూడు రోజులు డయాలిసిస్ చేయడం చూశాము. వారిలో కొందరికి పొట్టలో చీము పట్టడమూ చూశాము. పొట్ట డయాలిసిస్ అనగానే మా కళ్ళ ముందు ఆ మంచాలే కదిలాయి. మెత్తని గొట్టం చర్మం కింద నాటుకుని ఏళ్ళ తరబడి ఉండే ఈ పద్ధతి వేరని పుస్తకంలో చదివినా మనసుకు పట్టలేదు.

"అమ్మాయీ, ఇన్ని నెలలుగా వెళ్తున్నాను, ఒక్కరూ నా ఇష్టమేమిటని అడగలేదే?" అని మావయ్యగారే ఒకనాడు అన్నారు. అడిగితే, తెల్లవారుజామున మంచులో బయలుదేరనక్కరలేని దారి ఏదైనా సరే తనకు సమ్మతమేనన్నారు. అప్పుడు కూర్చుని చదివాము. బ్రతికే కాలం విషయంలో రెండు పద్ధతులూ దరిదాపు సమానమే. మిగిలి ఉన్న కాస్త మూత్రం పొట్ట డయాలిసిస్‌లో ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజూ జరుగుతుంది గనుక ఎగుడుదిగుళ్ళు తక్కువ, పొటాషియం పట్టింపు కొంత సడలుతుంది. నష్టాలూ ఉన్నాయి. పొర క్రమంగా బలహీనపడి కొన్నేళ్ళకు చాలామంది మళ్ళీ రక్తపు పద్ధతికి మారవలసి వస్తుంది. ద్రావణంలోని గ్లూకోజు ఒంటికి పడుతుంది; మావయ్యగారి ఇన్సులిన్ పెంచవలసి వచ్చింది. ప్రొటీన్ రోజూ కొంత కొట్టుకుపోతుంది. గుడ్డు ముట్టని మనిషికి అది పూడ్చడం కష్టం. పప్పూ పెరుగూ పెంచితే భాస్వరం పెరుగుతుంది. డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పొడితో నెట్టుకొస్తున్నాము.

ఇంట్లో రక్తపు డయాలిసిస్ సంగతీ విచారించాము. చిన్న యంత్రంతో వారానికి ఐదారు రోజులు, రోజుకు రెండున్నర మూడు గంటలు. తరచుగా చేస్తే గుండెకు మేలని 2010లో వెలువడిన ఒక పరిశీలన చెప్పింది. అందులోనే రక్తనాళానికి మరమ్మతులు ఎక్కువవుతాయనీ ఉంది. కాని చేతికి సూదులు గుచ్చడమంటే అత్తయ్యగారు, "ఆ పని నా వల్ల కాదు తల్లీ" అనేశారు.

ఇల్లు మారిన తీరు

నవంబరులో పొట్టకు గొట్టం అమర్చారు. రెండు వారాలు మానాక, శిక్షణ ఇచ్చే నర్సు దగ్గర దంపతులిద్దరూ ఎనిమిది రోజులు నేర్చుకున్నారు. చేతులు కడిగే పద్ధతి, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టడం, కిటికీలూ పంకాలూ మూయడం, గొట్టం కొసను దేనికీ తగలనీయకుండా కలపడం. బయటకు వచ్చిన నీరు తేటగా ఉందో లేదో చూడడానికి సంచి కింద అచ్చుకాగితం పెట్టి చదవమన్నారు. మావయ్యగారు అందుకు మన పత్రిక పాత సంచికను పెట్టుకున్నారు. సంచిలోంచి అక్షరాలు కనబడితే క్షేమం.

డిసెంబరునుంచి రాత్రిపూట యంత్రంతో తొమ్మిది గంటలు. పడుకునేముందు కలపడం, లేచాక విడదీయడం. పగలు మనిషి స్వేచ్ఛగా ఉంటాడు. రాత్రికి సుమారు 12 లీటర్ల ద్రావణం కావాలి. అంటే నెలకు 360 లీటర్లు, 360 కిలోల పైమాట. నెలకొకసారి లారీ వచ్చి ముప్ఫై అట్టపెట్టెలు దింపిపోతుంది. అతిథుల గది గోదాము అయింది. ఇంజనీరు గారు గోడవార చెక్క అరలు కట్టారు. ఖాళీ పెట్టెలు చించి మడవడమే వారానికొక పూట పని.

2023 ఫిబ్రవరిలో ఆగ్నేయ మిషిగన్‌లో గడ్డకట్టే వాన కురిసి లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మా వీధికి మూడు రోజులు లేదు. యంత్రం ఆగింది. పొట్ట డయాలిసిస్ చేత్తో కూడా చేయవచ్చు. కోట్లు తగిలించే కొక్కానికి సంచి వేలాడదీసి, భూమ్యాకర్షణ మీదనే రోజుకు నాలుగు సార్లు, ఒక్కొక్కటి అరగంట చొప్పున కానిచ్చాము. సంచిని పై కవరు విప్పకుండా కారులో హీటరు వేసి వెచ్చబెట్టాము. ఒక హెచ్చరిక: కారు గరాజులో గాక ఆరుబయట నిలిపే ఆ పని చేయాలి. ఆ మూడు రోజులూ రోడ్లు అద్దంలా గడ్డకట్టాయి. ఇల్లే మేలని అప్పుడు గట్టిగా అనుకున్నాము. అది సగం నిజం.

అత్తయ్యగారి నిద్ర

మిగతా సగం మేలో బయటపడింది. అత్తయ్యగారికి ఒకనాడు వంటింట్లో కళ్ళు తిరిగాయి. రక్తపోటు చూస్తే 178. ఎన్నాళ్ళనుంచి మాత్ర వేసుకోవడంలేదని అడిగితే, "గుర్తుండటంలేదమ్మా" అన్నారు. కాస్సేపాగి, ఎవరి మీదా నేరం మోపనట్లుగా, "నాకు ఒక్క రాత్రి నిద్ర కావాలమ్మా" అన్నారు.

లెక్క వేశాము. ఆయన పక్కకు ఒత్తిగిలితే గొట్టం మడతపడుతుంది, యంత్రం కూస్తుంది. రాత్రికి మూడు సార్లు, ఒక్కోసారి ఐదు సార్లు. ఆయనకు చెవులు కాస్త మందం. లేచేది ఆవిడే. సాయంత్రం యంత్రం సిద్ధం చేయడం, తెల్లవారి విప్పడం, బరువు, రక్తపోటు, చక్కెర వ్రాయడం, పెట్టెలు మోయడం అన్నీ ఆవిడే. ఐదు నెలలుగా గుడికి వెళ్ళలేదు. చెల్లెలికి ఫోను చేయలేదు. యూనిట్ ఇచ్చిన నాలుగు గంటల సెలవును మేము ఇంటి చికిత్స పేరిట లాగేసుకున్నాము. ఆసుపత్రిలో ముగ్గురు మనుషులు జీతానికి చేసే పనిని అరవైనాలుగేళ్ళ మనిషికి అప్పగించి, "అత్తయ్య ఎంత చక్కగా చూసుకుంటున్నారో!" అని నలుగురిలో మెచ్చుకుంటూ తిరిగాము. ఆవిడ కాదనరని మాకు తెలుసు. అందుకే ఆవిడనూ అడగలేదు.

డాక్టరు గారి రాత్రి

వెంటనే వంతులు వేసుకున్నాము. వారంలో నాలుగు రాత్రులు కొడుకు, మూడు కోడలు. అత్తయ్యగారు మేడ మీద గదిలో నిద్ర. ఆగస్టులో ఒక రాత్రి డ్యూటీనుంచి పదింటికి వచ్చి, ఆసుపత్రి ఫోను ఒక చెవిన పెట్టుకుని, ముఖానికి గుడ్డ లేకుండా, చేతులు కడిగామనిపించి గొట్టం కలుపుతుంటే కొస వేలికి తగిలింది. అలా తగిలితే ఆపివేసి నర్సుకు ఫోను చేయాలని నియమం. గొట్టం కొస మార్చి, ముందుజాగ్రత్తకు మందు ఇస్తారు. "ఏం కాదులే" అని కలిపేశాము. ఆ చేయి ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఇంజనీరుది కాదు.

మూడవ రోజు పొద్దున మావయ్యగారు సంచిని పత్రిక మీద పెట్టారు. అక్షరాలు కనబడలేదు. నీరు బియ్యం కడిగిన కుడితిలా ఉంది. పొట్టలో నొప్పి మొదలయింది. యూనిట్‌కు పరుగెత్తాము. చర్మం మీద ఉండే మామూలు సూక్ష్మజీవి అని పరీక్షలో తేలింది. సంచిలోనే మందు కలిపి రెండు వారాలు ఇచ్చారు. తగ్గింది. తగ్గకపోతే గొట్టం తీసివేయవలసి వచ్చేది. మనిషికే ముప్పు కావచ్చు. మంచి కేంద్రాల్లో ఈ జబ్బు ఒక రోగికి రెండున్నరేళ్ళకు ఒకసారి కంటె ఎక్కువ రాకూడదని అంతర్జాతీయ ప్రమాణం. ఎస్.ఎస్.ఎల్.సి. తప్పిన అత్తయ్యగారి చేతిలో ఐదు నెలలు ఒక్క పొరపాటు జరగలేదు. డిగ్రీ ఉన్న చేయి మూడు నెలలకే తెచ్చిపెట్టింది.

సంగతి దాచకుండా చెప్పాము. అత్తయ్యగారు ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి మళ్ళీ తనే చేస్తానన్నారు. అదే మాకు అన్నిటికంటె బాధ కలిగించింది.

ఎవరి పని వారిది

దారి చూపింది శిక్షణ ఇచ్చిన నర్సు. ఆవిడ మా వంతుల పట్టీ అంతా చూసి, "ఇందులో ఆయన పేరు ఎక్కడ?" అని అడిగింది. మేము తెల్లబోయాము. మన ఇళ్ళలో జబ్బుపడిన పెద్దలచేత పని చేయించడమా? కూర్చోబెట్టి చేయడమే సేవ అని గదా పెరిగాము. నర్సు అన్నదాని సారాంశం ఇది: ఇంటి డయాలిసిస్ నిలబడేది రోగి తన పనిగా పట్టుకున్నప్పుడే; ఇంట్లోవారు తోడుగా ఉండాలిగాని కాళ్ళూచేతులూ అయిపోకూడదు. చేతులు ఆడని, కన్ను ఆనని రోగికి సంగతి వేరు. ఈయనకు ఆ రెండూ ఉన్నాయి.

మావయ్యగారికి కంటి శుక్లం ఒకటి తీయించి, కళ్ళజోడు మార్పించి, అక్టోబరులో మళ్ళీ నాలుగు రోజుల శిక్షణ ఇప్పించాము. మొదటి వారం ఆయన చేతులు వణికాయి. అత్తయ్యగారు పక్కన నిలబడి అందుకోబోతుంటే, "నువ్వు కూర్చోవే, నేను చేస్తాగా" అన్నారు. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ కట్టి, గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని, మిల్లు పద్దులు చూసినంత నిదానంగా ఆయనే కలుపుకుంటారు. గొట్టం మడతపడకుండా దిండు ఎలా పెట్టుకోవాలో ఆయనే కనిపెట్టారు. కూతకు బదులు దిండు కింద వణికే చిన్న అలారం ఇంజనీరు గారు అమర్చారు. బరువు, పోటు, చక్కెర ఎర్ర అట్ట పుస్తకంలో గీతలు గీసి వ్రాసుకుంటారు. ఆ పుస్తకం చూసి నిపుణుడు తన కంప్యూటరు లెక్క దిద్దుకున్న రోజు మా ఇంట్లో పండుగే. పెట్టెలు మాత్రం మేము మోస్తాము. అత్తయ్యగారు రాత్రిళ్ళు నిద్రపోతున్నారు, శుక్రవారాలు గుడికి వెళ్తున్నారు.

రోగిగా కూర్చున్న తొమ్మిది నెలల కంటె, ఇంట్లో సేవ అందుకున్న పది నెలల కంటె, తన పని తాను చేసుకుంటున్న ఈ రోజుల్లోనే ఆయన మాటలో పూర్వపు బిగువు కనబడుతున్నది.

ఖర్చులు, అర్హతలు

అందరూ అడిగేది గనుక క్లుప్తంగా చెబుతాము. మూత్రపిండాలు చెడిన కారణంగా మెడికేర్ రావాలంటే రోగిగాని, భార్యాభర్తల్లో ఒకరుగాని ఇక్కడ తగినంత కాలం పనిచేసి పన్ను కట్టి ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల ఉద్యోగం చాలు. తల్లిదండ్రులకు మన ఉద్యోగం లెక్కకు రాదు. యూనిట్‌లో చికిత్సకు నాలుగవ నెలనుంచి వర్తిస్తుంది. మొదటి మూడు నెలల్లోనే ఇంటి శిక్షణలో చేరితే మొదటి నెలనుంచే. ఉద్యోగపు బీమా ఉంటే మొదటి 30 నెలలు అదే ముందు చెల్లించాలి. యంత్రం, ద్రావణం బీమాలోనే వస్తాయి. కరెంటు, నీటి బిల్లు మనవే. ఇంట్లో చేసేవారికి మెడికేర్ జీతం ఇవ్వదు.

చూడటానికి వచ్చే తల్లిదండ్రులకు ఇవేవీ వర్తించవు. సందర్శకుల బీమాలు సాధారణంగా పాత జబ్బును మినహాయిస్తాయి. ప్రాణం మీదికి వస్తే ఆసుపత్రి చూస్తుంది గాని, వారానికి మూడు సార్లు ఎవరు చేస్తారు? కనుక విమానం ఎక్కకముందే అక్కడ క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించండి. తెలుగు నాట 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల, 2016లో కేంద్రం తెచ్చిన డయాలిసిస్ పథకం వల్ల యూనిట్లు పెరిగాయి. అక్కడ ఇంటి పద్ధతి మాత్రం ఇంకా అరుదే.

అన్నిటికంటె మేలు మూత్రపిండ మార్పిడి. మనవారిలో బి గ్రూపు రక్తం ఎక్కువ, ఇక్కడ ఆ గ్రూపువారికి ఎదురుచూపు ఎక్కువ. దాతలుగా పేరు వ్రాయించుకోవడం గురించి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.

చివరగా

ఇల్లు మేలా, ఆసుపత్రి మేలా అని అడిగిన మిత్రులకు మా జవాబు ఇది. కళ్ళూ చేతులూ ఆడుతూ, నేర్చుకోవాలనే ఇష్టం ఉన్న రోగికి ఇల్లు మేలు. ఆ భారమంతా ఇంట్లో మరొకరి మీద పడేటట్లయితే యూనిట్ మేలు, దానికి సిగ్గుపడనక్కరలేదు. ఒకదానినుంచి మరొకదానికి మారడం ఓటమీ కాదు. మావయ్యగారి చేతిలోని ఫిస్టులాను అందుకే పదిలంగా చూసుకుంటున్నాము.

నిర్ణయించే ముందు ఇద్దరిని అడగండి: రోగిని, ఇంట్లో రాత్రిపూట లేచే మనిషిని. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగకండి, విడివిడిగా అడగండి. మేము ఆ పని చేయడానికి ఏడాదిన్నర పట్టింది.